దిగుమతుల దెబ్బకు పని పోతే… పనివాడికి ప్రభుత్వ సాయం ఎంత?
(మన జిల్లా పట్టు దారం చెప్పే పాఠం)



వార్షికోత్సవ సంచికకు పిల్లల పోటీ పరీక్షలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ సారు అడిగారు. ఎం.ఏ. ఎకనామిక్స్‌లో మాకు అంతర్జాతీయ వాణిజ్యం ఒక పేపరు. అందులో ఒక మాట వస్తుంది. స్వేచ్ఛా వాణిజ్యం వల్ల దేశానికి మొత్తం మీద లాభమే, నష్టపోయిన వారికి ఆ లాభంలో నుంచి పరిహారం ఇవ్వవచ్చు అని. అందరితో పాటు నేనూ నోట్సు రాసుకున్నాను. రాత్రి రూములో చదువుతూ 'ఇవ్వవచ్చు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇవ్వవచ్చు, సరే. ఇచ్చారా? ఎవరికి ఇచ్చారు? మా నాయనకు ఇచ్చారా?

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు. పరీక్షకు పనికొచ్చే అంశాలు ఇందులో ఉన్నాయి. మీ ఇంటికి పనికొచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి.

1. మా ఇంటి సంగతి

మా ఊరు పలమనేరు పక్కన. మా నాయన పదకొండేళ్ళు ఒక చిన్న రీలింగ్ యూనిట్‌లో పట్టు దారం తీశాడు. రీలింగ్ అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. రైతు మల్బరీ ఆకు వేసి పురుగులను పెంచుతాడు. పురుగు తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూళ్ళను వేడినీళ్ళలో ఉడికించి, కొన చేతికి దొరకబుచ్చుకొని, కొన్ని గూళ్ళ పోగులను ఒకటిగా కలిపి రాట్నానికి ఎక్కిస్తారు. ఒక్క గూడులో వందల మీటర్ల పోగు ఉంటుంది. అది తెగకుండా రావాలి. తెగితే వెంటనే కొత్త కొన అందించాలి. రోజంతా వేళ్ళు వేడినీళ్ళలోనే. మా నాయన వేళ్ళ కొనలు తెల్లగా పాలిపోయి ముడతలు పడి ఉండేవి. ఇంటికొస్తే ఒంటి నుంచి ఉడికిన పురుగు వాసన వచ్చేది. ఆ వాసనంటే చిన్నప్పుడు నాకు నామోషీగా ఉండేది. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుపడుతున్నాను.

ఆ యూనిట్‌లో పనివాళ్ళు మొత్తం ఎనిమిది మంది. 2011లో దసరా దాటాక బట్టీ ఆరిపోయింది. "రెండు నెలలు ఆగండి, చూద్దాం" అన్నారు. ఆ రెండు నెలలు ఇప్పటికీ పూర్తి కాలేదు. నాయన బెంగుళూరుకు బేల్దారి కూలికి పోయాడు. అమ్మ కరువు పనికి పోయింది. 2012 జూన్‌లో నన్ను నాలుగో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో చేర్చారు.

ఎందుకు మూతపడిందని పెద్దయ్యాక నాయనను అడిగాను. "చైనా దారం వచ్చె, మన దారం పాయె" అన్నాడు. ఈ ఒక్క ముక్క వెనక ఉన్న లెక్క నాకు ఎం.ఏ.కి వచ్చాక గానీ అర్థం కాలేదు.

2. చైనా దారం వస్తే మన బట్టీ ఎందుకు ఆరిపోతుంది?

పట్టు ఉత్పత్తిలో ప్రపంచంలో చైనాది మొదటి స్థానం, మనది రెండోది. వాడకంలో మాత్రం మనమే ముందు. మనం తీసే దారం మన చీరలకు చాలదు. కాబట్టి దిగుమతి తప్పదు. ముడిపట్టు దిగుమతులు 2003-04లో సుమారు 9,000 టన్నుల దాకా వెళ్ళాయి. అప్పట్లో దేశంలో తయారయ్యే పట్టు మొత్తం 15, 16 వేల టన్నులే. ఎక్కువ భాగం చైనా నుంచే వచ్చేది.

ఇక్కడ కొన్ని సంవత్సరాలు గుర్తు పెట్టుకోండి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది, మన దేశం మొదటి నుంచీ సభ్యురాలు. దిగుమతులపై మిగిలి ఉన్న పరిమాణాత్మక ఆంక్షలను 2001 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు. 2003లో చైనా నుంచి వచ్చే 2ఏ, అంతకన్న తక్కువ రకం మల్బరీ ముడిపట్టుపై యాంటీ డంపింగ్ సుంకం వేశారు. 2011-12 బడ్జెట్‌లో ముడిపట్టుపై మామూలు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి ఒకేసారి 5 శాతానికి తగ్గించారు. 2013-14 బడ్జెట్‌లో మళ్ళీ 15 శాతం చేశారు. ఆ తర్వాత 10కి తగ్గించి, 2021-22 బడ్జెట్‌లో తిరిగి 15 చేశారు.

2011లో సుంకం తగ్గిన తర్వాత గూళ్ళ ధరలు పడిపోయాయి. కర్ణాటకలో రామనగరం మార్కెట్ దగ్గర రైతులు రోడ్డెక్కారు. రైతు కష్టం అందరికీ కనబడింది, పేపర్లలో వచ్చింది. రీలింగ్ యూనిట్ కష్టం కనబడలేదు. దాన్ని ఒక లెక్కతో చూద్దాం. (ఇవి అర్థం కావడానికి నేను వేసిన అంకెలు మాత్రమే.)

ఒక కిలో దారానికి 8 కిలోల గూళ్ళు కావాలనుకుందాం. కిలో గూళ్ళు రూ.250 అయితే గూళ్ళకు రూ.2,000. కూలి, వంటచెరుకు, కరెంటు కలిపి రూ.300. మొత్తం ఖర్చు రూ.2,300. దారం రూ.2,450కి అమ్మితే కిలోకు రూ.150 మిగులు. సరిగ్గా ఆ వారంలో దారం ధర రూ.2,150కి పడిందనుకోండి. మిగులు పోయి కిలోకు రూ.150 నష్టం. రోజుకు 10 కిలోలు తీసే యూనిట్‌కు రోజుకు రూ.1,500 నష్టం.

గూళ్ళ ధర కూడా తగ్గుతుంది కదా అని మీరు అడగవచ్చు. తగ్గుతుంది. కానీ బట్టీలో ఉడుకుతున్నవి నిన్న కొన్న గూళ్ళు. నిన్నటి ధరకు కొని ఇవాళ్టి ధరకు అమ్మాలి. ధర పడుతూ ఉన్నంత కాలం ప్రతి విడతకూ అదే దెబ్బ. గూళ్ళు కొనేది రొక్కానికి. అప్పు చేసి తెచ్చిన పెట్టుబడి నాలుగైదు నెలల్లో కరిగిపోతుంది. ఈలోపు గిట్టుబాటు కాని రైతు మల్బరీ పీకేసి టమోటా పెడతాడు. మార్కెట్‌కు గూళ్ళు తగ్గిపోతాయి. చివరికి బట్టీ ఆరిపోతుంది.

నిజాయితీగా ఇంకో మాట చెప్పాలి. తప్పంతా చైనాదే కాదు. మన వైపు బోర్లు ఎండిపోయాయి. ఊజీ ఈగ పంటను తినేసింది. పెద్ద ఆటోమేటిక్ యంత్రాలు వచ్చి చిన్న బేసిన్లు వెనకబడ్డాయి. ఒక యూనిట్ మూతపడితే అందులో దిగుమతి వాటా ఎంత, కరువు వాటా ఎంత అని కొలవడం సులభం కాదు. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు అవసరం వస్తుంది.

3. ఇతర దేశాలు ఏం చేశాయి?

దిగుమతుల వల్ల పని పోయిన వారి కోసమే ప్రత్యేక పథకం పెట్టిన దేశాల్లో ముఖ్యమైనది అమెరికా. 1962లో కెనెడీ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు వాణిజ్య విస్తరణ చట్టంలో దీన్ని చేర్చారు. దాని పేరు 'ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్'. తెలుగులో 'వాణిజ్య సర్దుబాటు సహాయం' అనుకోవచ్చు. దేశం సుంకాలు తగ్గించుకుంటున్నది అందరి మేలు కోసం, కాబట్టి దాని భారం కొందరు కార్మికుల మీదే పడకూడదు అన్నది దాని వెనక ఉన్న న్యాయం.

అది పనిచేసిన తీరు ఇది. ముగ్గురు కార్మికులు కలిసినా చాలు, కార్మిక శాఖకు అర్జీ పెట్టే వీలుండేది. యూనియన్ గానీ యజమాని గానీ కూడా పెట్టే వీలుండేది. దిగుమతులే ముఖ్య కారణాల్లో ఒకటా అని శాఖ విచారించేది. అవునని తేలితే ఆ ఫ్యాక్టరీ వాళ్ళకు ధ్రువీకరణ ఇచ్చేది. అప్పుడు ఒక్కొక్కరికి (1) కొత్త పని నేర్చుకునే శిక్షణ ఖర్చు, (2) మామూలు నిరుద్యోగ భృతి అయిపోయాక శిక్షణ కాలంలో ఇల్లు గడవడానికి డబ్బు, (3) పని వెతుక్కోవడానికి, వేరే ఊరికి మారడానికి ఖర్చు, (4) యాభై ఏళ్ళు దాటిన వారు తక్కువ జీతం పనిలో చేరితే పాత జీతానికీ కొత్త జీతానికీ మధ్య తేడాలో సగం, ఒక పరిమితికి లోబడి, దొరికేవి.

చదవడానికి చాలా బాగుంది. కానీ మొదటి ఏడేళ్ళలో, 1969 దాకా, ఒక్క కార్మికుల అర్జీ కూడా ఆమోదం పొందలేదు. కారణం, దిగుమతే కారణమని నిరూపించాలన్న షరతు అంత గట్టిగా ఉండేది. 1974 చట్టంలో దాన్ని సడలించాక లక్షల మందికి అందింది. శిక్షణ వల్ల ఎంత మేలు జరిగిందన్న దానిపై అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. 2022 జూలై 1 నుంచి ఆ పథకం గడువు తీరి, కొత్త అర్జీలకు ధ్రువీకరణ ఇవ్వడం ఆగిపోయింది.

యూరోపియన్ యూనియన్ 2007 నుంచి గ్లోబలైజేషన్ సర్దుబాటు నిధి నడుపుతున్నది. మొదట్లో కనీసం 1,000 మంది పని కోల్పోతేనే సాయం. 2021 నుంచి ఆ సంఖ్యను 200 చేశారు. మా నాయన యూనిట్‌లో ఉన్నది ఎనిమిది మంది.

4. మన దేశంలో ఏం ఉంది? ఒక్కొక్క తలుపు తట్టి చూద్దాం

దిగుమతుల వల్ల పని పోయిన వారికని మన దేశంలో ప్రత్యేక పథకం ఏదీ లేదు. కానీ పని పోయిన వారికి వర్తించే చట్టాలు, నిధులు కొన్ని ఉన్నాయి. మా నాయనను ముందు నిలబెట్టి ఒక్కొక్క తలుపు తట్టాను.

మొదటి తలుపు: పారిశ్రామిక వివాదాల చట్టం, 1947. పనివాణ్ణి తొలగిస్తే ఒక నెల నోటీసు గానీ దాని జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. మూసివేతకు కూడా ఇదే వర్తిస్తుంది. యజమాని చేతిలో లేని కారణాల వల్ల మూతపడితే మాత్రం పరిహారం మూడు నెలల వేతనం దాటదు. అయితే నష్టాలు రావడం, సరుకు అమ్ముడుపోక నిలిచిపోవడం వంటివి 'చేతిలో లేని కారణాలు' కావని చట్టమే వివరణ ఇచ్చింది. దీన్ని చదివినప్పుడు నేను లేచి కూర్చున్నాను. నాయన కూలి రోజుకు రూ.120. పదకొండేళ్ళకు 15 చొప్పున 165 రోజులు. 165ని 120తో హెచ్చిస్తే రూ.19,800. నోటీసు నెల జీతం దానికి అదనం. ఈ పరిహారానికి ఇంతమంది పనివాళ్ళు ఉండాలన్న నియమం కూడా లేదు. ఎనిమిది మంది ఉన్నా వర్తిస్తుంది.

మరి ఎందుకు రాలేదు? ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్టు చూపాలి. నాయన దగ్గర హాజరు పట్టీ లేదు, జీతం చీటీ లేదు. శనివారం చేతిలో డబ్బు పెట్టేవారు, అంతే. పదకొండేళ్ళ పనికి గుర్తుగా ఆయన దగ్గర ఉన్నవి ఆ వేళ్ళు మాత్రమే. వేళ్ళను ఏ ఆఫీసులోనూ దాఖలు చేయలేం. ఆయన అడగనూ లేదు. అలాంటిది ఒకటుందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

రెండో తలుపు: ఇ.ఎస్.ఐ. ఫ్యాక్టరీ మూతపడి పని పోయిన బీమా కార్మికులకు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద 2005 ఏప్రిల్ 1 నుంచి నిరుద్యోగ భృతి ఇచ్చారు. మొదట ఆరు నెలలు ఉండేది, తర్వాత రెండేళ్ళ దాకా పెంచారు. 2018 జూలై నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. అందులో 90 రోజుల వరకు సగటు వేతనంలో 25 శాతం, 2020లో దాన్ని 50 శాతం చేశారు. మంచివే. కానీ ఇ.ఎస్.ఐ. వర్తించాలంటే ఫ్యాక్టరీలో కనీసం పది మంది ఉండాలి. మా వాళ్ళు ఎనిమిది మంది. ఇద్దరు తక్కువ.

మూడో తలుపు: జౌళి కార్మికుల పునరావాస నిధి. ఇది 1986 సెప్టెంబరు 15న మొదలైంది. బట్టల మిల్లు శాశ్వతంగా మూతపడితే కార్మికుడికి మొదటి ఏడాది వేతనంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 శాతం ఇచ్చేవారు. మన దేశంలో అమెరికా పథకానికి దగ్గరగా వచ్చింది ఇదే అనిపిస్తుంది. కానీ ఇది పెద్ద ప్రైవేటు మిల్లులకే. చిన్న పరిశ్రమ కింద ఉన్న వాటికి లేదు. 2017 ఏప్రిల్‌లో దీన్ని రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనలో కలిపేశారు.

నాలుగో తలుపు: జాతీయ పునరుద్ధరణ నిధి. 1991 జూలైలో కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. దాని వల్ల దెబ్బతినే కార్మికులకు శిక్షణ, కొత్త ఉపాధి కల్పిస్తామని 1992 ఫిబ్రవరిలో ఈ నిధి పెట్టారు. ఆచరణలో ఎక్కువ డబ్బు కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల స్వచ్ఛంద పదవీ విరమణకే ఖర్చయింది. మా నాయనకు అవసరం వచ్చేనాటికి ఆ నిధే లేదు.

ఐదో తలుపు: పట్టు పరిశ్రమకు, చేనేతకు ఇచ్చే సాయం. కేంద్ర పట్టు మండలి, రాష్ట్ర పట్టు పరిశ్రమ శాఖ కలిసి మల్బరీ తోటకు, పురుగుల షెడ్డుకు, రీలింగ్ యంత్రానికి సబ్సిడీలు ఇచ్చాయి. చేనేతలో 2019 డిసెంబరు 21న ధర్మవరంలో మొదలైన నేతన్న నేస్తం కింద సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.24,000 చొప్పున 2023 వరకు ఇచ్చారు. ఇవన్నీ అవసరమైనవే, కాదనను. ఒక్కటి గమనించండి. భూమి ఉంటే తోటకు సాయం. షెడ్డు ఉంటే యంత్రానికి సాయం. సొంత మగ్గం ఉంటే మగ్గానికి సాయం. భూమి లేక, షెడ్డు లేక, మగ్గం లేక ఉత్త చేతులతో పనిచేసేవాడికి ఏ పద్దు కిందా సాయం లేదు. మన హాస్టల్లో చదివే పిల్లల్లో ఎక్కువ మంది ఆ ఉత్త చేతుల వాళ్ళ బిడ్డలే.

5. సుంకం పెంచితే సరిపోదా?

చాలామంది చెప్పే పరిష్కారం ఇది. నేనూ అట్లే అనుకునేవాణ్ణి. 2021 ఫిబ్రవరిలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. ముడిపట్టు మీద సుంకం 10 నుంచి 15 శాతానికి పెంచారని పేపర్లో చూసి, "మంచి పని చేసినారు" అని గట్టిగా చదివాను. నా పక్క మంచం మిత్రుడు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళది మదనపల్లె నీరుగట్టువారిపల్లె. వాళ్ళ నాయన కూలి నేత కార్మికుడు. కాసేపటికి అన్నాడు: "మీ నాయనకు మంచిదే. మా నాయనకు దారం రేటు పెరుగుతాది. సేటు కూలి తగ్గిస్తాడు."

రాత్రి చాలాసేపు ఇద్దరం ఇదే మాట్లాడుకున్నాం. పడుగుకు గట్టి, ఒకే సైజు దారం కావాలి. చైనా దారం అందుకు బాగుంటుంది కాబట్టి నేతగాళ్ళు దాన్ని కోరుకుంటారు. సుంకం పెంచితే దారం తీసేవాడికి ఊరట, నేసేవాడికి దెబ్బ. తగ్గిస్తే నేసేవాడికి ఊరట, దారం తీసేవాడికి దెబ్బ. 30, 5, 15, 10, 15 అని అంకె మారిన ప్రతిసారీ ఇద్దరు పేదవాళ్ళలో ఒకరు మునుగుతున్నారు.

అర్థశాస్త్రంలో చెప్పే తేడా నాకు ఆ రాత్రి అర్థమైంది. సుంకం సరుకును కాపాడుతుంది. సర్దుబాటు సహాయం మనిషిని కాపాడుతుంది. సుంకాన్ని దేశ అవసరాన్ని బట్టి ఎంతైనా ఉంచనీ. దాని వల్ల పని పోయినవాడికి నేరుగా చేయూతనిస్తే, పక్కవాడి నోటి దగ్గర కూడు లాక్కోవలసిన అవసరం ఉండదు. మన దేశంలో మొదటిదాని గురించి ప్రతి బడ్జెట్‌లో చర్చ. రెండోదాని గురించి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం.

6. తెరుచుకున్న తలుపులు రెండు

ఇంతవరకు చదివి ఏ సాయమూ అందలేదని అనుకోకండి. రెండు తలుపులు తెరుచుకున్నాయి. వాటి మీద 'దిగుమతి' అన్న మాట లేదు, అంతే.

ఒకటి ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం అమలైన తొలి 200 జిల్లాల్లో మన చిత్తూరు కూడా ఉంది. నీ పని ఎందుకు పోయింది, చైనా వల్లా, కరువు వల్లా అని అక్కడ ఎవరూ అడగలేదు. పని కావాలంటే కార్డు ఇచ్చారు. అమ్మ ఆ కార్డుతో రెండేళ్ళు ఇల్లు నడిపింది. నిజమే, అది ఏడాదికి వంద రోజుల మట్టి పని. దారం తీసే నేర్పు ఉన్న మనిషికి అది సమానమైన పని కాదు. అయినా ఆ సమయానికి అన్నం పెట్టింది అదే. (2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పరీక్షకు ఈ మార్పు గుర్తుంచుకోండి.)

రెండోది మన హాస్టల్. నాయన బెంగుళూరు పోయినప్పుడు నన్నూ వెంట తీసుకుపోయి ఉంటే, కట్టే బిల్డింగు దగ్గర రేకుల షెడ్డులో ఉండి, రెండేళ్ళకు నేనూ ఇసుక మోసేవాణ్ణి. మాతో పాటు పోయిన రెండు కుటుంబాల్లో పిల్లల చదువు అక్కడే ఆగిపోయింది. ఇక్కడ నాకు మంచం, పెట్టె, అన్నం, పుస్తకాలు దొరికాయి. తర్వాత పోస్టు మెట్రిక్ స్కాలర్‌షిప్ దొరికింది. పని పోయినవాడి కుటుంబాన్ని కొత్త పనికి సిద్ధం చేయడమే కదా సర్దుబాటు సహాయం అంటే? ఒక తరం ఆలస్యంగానైనా మా ఇంటికి ఆ సాయం ఈ గేటులో నుంచే వచ్చింది.

ఇంకో సంగతి. డాక్టర్ అంబేద్కర్ గారు 1942 జూలై నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులు. ఇ.ఎస్.ఐ.కి పునాది వేసిన ప్రొఫెసర్ అదార్కర్ నివేదిక 1944లో ఆ కాలంలోనే వచ్చింది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్టు మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది కూడా 1944లోనే. పనివాడికి బీమా, పనివాడి బిడ్డకు చదువు. ఈ రెండూ ఒకే ఏడాదిలో ఉండడం నోట్సులో రాసుకుంటున్నప్పుడు నాకు ధైర్యం కలిగించింది.

7. ఇక ముందు

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1947 నాటి చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఏడాదికి 15 రోజుల వేతనం అనే పరిహారం అందులోనూ ఉంది. దానితో పాటు కొత్తగా 'కార్మికుల పునర్నైపుణ్య నిధి' పెట్టారు. తొలగించిన ప్రతి కార్మికుడికి యజమాని 15 రోజుల వేతనం ఈ నిధికి కట్టాలి. ఆ మొత్తం 45 రోజుల్లోపు కార్మికుడి ఖాతాలో పడాలి. మన చట్టంలో కొత్త నైపుణ్యం అన్న ఆలోచన చేరడం మంచిదే. కానీ పదిహేను రోజుల కూలితో ఏ కొత్త పని నేర్చుకోగలం? పైగా కాగితం లేనివాడు దీని దగ్గరికి కూడా చేరలేడు.

నా అభిప్రాయం ఇది. మనకు అమెరికా పథకం నకలు అవసరం లేదు. దిగుమతి వల్లే పని పోయిందని ఎనిమిది మంది ఉన్న యూనిట్ నిరూపించలేదు. అక్కడే ఏడేళ్ళు ఎవరూ నిరూపించలేకపోయారు. కారణం ఏదైనా సరే, పని పోయినవాడికి కొన్ని నెలల భృతి, దగ్గరి ఊళ్ళో పనికొచ్చే శిక్షణ, పిల్లలకు హాస్టల్ సీటు, ఈ మూడూ ఒకే అర్జీతో దొరకాలి. అందులో మూడోది మన దగ్గర ఇప్పటికే ఉంది.

అంతవరకు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు చేయండి.

(1) అమ్మానాన్నలు ఎక్కడ పనిచేస్తున్నారో, ఎప్పటి నుంచో, కూలి ఎంతో ఒక నోటుబుక్కులో తేదీలతో రాసిపెట్టండి. వారం వారం రాసిన పుస్తకం ఏమీ లేకపోవడం కన్నా చాలా నయం. కూలి ఫోన్‌కు వస్తే ఆ మెసేజీలు చెరపవద్దు.
(2) పది మంది గానీ అంతకన్న ఎక్కువ మంది గానీ ఉన్న చోట పనిచేస్తుంటే ఇ.ఎస్.ఐ. నంబరు ఉందా అని అడగమనండి.
(3) అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఇ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి.
(4) పని నుంచి తీసేస్తే ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ సహాయ అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి.
(5) లాయరుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్.సి., ఎస్.టి. వారికి, స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి. ఫోన్ నంబరు 15100.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు రూ.19,800 లెక్క నాయనకు చూపించాను. కాగితం తిరగేసి మరగేసి చూశాడు. "అప్పుడు చెప్పేవాళ్ళు లేరు నాయనా" అన్నాడు. ఆ డబ్బు ఇక రాదు. కానీ మన హాస్టల్లో ఇప్పుడు చదువుతున్న మీ ఇళ్ళల్లో ఎవరి పనో రేపు పోవచ్చు, బట్టల ఫ్యాక్టరీలోనో, ఇంకెక్కడో. అప్పుడు చెప్పేవాళ్ళు లేరు అన్న మాట మీ ఇంట్లో వినపడకూడదు. మీరు ఉన్నారు కదా.

మననం కోసం ప్రశ్నలు
1. దిగుమతి సుంకానికీ, సర్దుబాటు సహాయానికీ తేడా ఏమిటి? పట్టు దారం ఉదాహరణతో వివరించండి.
2. ముడిపట్టుపై సుంకం 2011, 2013, 2021 బడ్జెట్లలో ఎలా మారింది? ఏ మార్పు వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం?
3. పద్నాలుగేళ్ళు పనిచేసి, రోజుకు రూ.400 కూలి తీసుకునే కార్మికుడిని తొలగిస్తే పరిహారం ఎంత రావాలి? (మీ ఇంట్లో వాళ్ళ కూలితో కూడా లెక్క వేయండి.)

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (ఎకనామిక్స్), తిరుపతి